సముద్రం మీద కారం

తుమ్మలకుంటపాలెం,
పర్చూరు మీదుగా.
2025 మార్చి 19, బుధవారం.

విమాన ప్రమాదాల విచారణాధికారి సాజిదా గారికి,

తుమ్మలకుంటపాలెం కాపురస్తుడు యలమందయ్య నమస్కారాలతో రాసుకునే వాంగ్మూలం. ఇక్కడ మేము, మా బర్రె, ఎండబోసిన మిరపకాయలు అందరం బాగున్నాం. మీరూ, మీ ఇంట్లోవాళ్ళూ, మొన్న మీతో వచ్చి మా అరుగు మీద గురకపెట్టి నిద్రపోయిన ఆ డ్రైవరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు కారెక్కుతూ, తాతగారూ, తెలిసింది తెలిసినట్టు ఒక్క పేజీలో రాసి సంతకం పెట్టి పంపండి అన్నారు. తెలిసినట్టు రాయగలను. ఒక్క పేజీ మాత్రం నా వల్ల కాదు. దానికి కారణం నా చదువు. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. చిన్నప్పుడే మా నాయన నన్ను పర్చూరులో ఒక కిరాణా కొట్లో పెట్టాడు. పొట్లాలు కట్టడానికి తెచ్చే పాత పత్రికలే నా పాఠ్యపుస్తకాలు. వాటి మీదే అక్షరాలు దిద్దాను, వాటిలోనే లోకం చూశాను. అందువల్ల నాకు తెలియని విషయం లేదు గాని, ఏ విషయమూ సగానికి మించి తెలియదు. ఒక కథలో జమీందారును ఎవరు చంపారో చెప్పబోతుండగా, ఎవరో వచ్చి జీలకర్ర అడిగితే, ఆ కాగితంలో కట్టి ఇచ్చేశాను. ఆ హంతకుడు ఎవరో ఈ రోజుకీ తెలియదు. అప్పటినుంచి నాకొక పట్టుదల. నేను చెప్పే సంగతి మాత్రం సగంలో ఆగకూడదు. కాబట్టి ఓపిక పట్టండి.

ఇక అసలు సంగతి.

ఫిబ్రవరిలో మంచు బాగా కురిసిన ఒక పొద్దున, సముద్రంలో చమురు తవ్వే రిగ్గుకు పనివాళ్ళను తీసుకెళ్తున్న కంపెనీ హెలికాప్టర్, వాడరేవుకు ఎదురుగా నీళ్ళ మీద దిగింది. దాన్ని నడిపింది మా ఊరి పిల్ల ఫెబా. మా ఊరి మిషన్ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన జయరావు మాస్టారికీ పున్నమ్మకూ ఒక్కగానొక్క కూతురు. ఫెబా పక్కన ఇంకో పైలట్ ఉన్నాడు, ఉత్తరాది పెద్దమనిషి, ఆమెకన్నా సీనియరు. వెనక సీట్లలో రిగ్గు మనుషులు. వాళ్ళలో మా మేనల్లుడు నాగేంద్రబాబు ఒకడు. రిగ్గు మీద క్రేన్ నడుపుతాడు. ఇప్పుడు నేను చెప్పబోయేది వాడు చూసింది, నాకు చెప్పింది.

ఒడ్డు కనుమరుగైన కాసేపటికి ముందు అద్దానికి ఆవిరి పట్టిందట. ఫెబా, అద్దం మీదికి వేడిగాలి కొట్టే మీట వేసింది. ఆ గాలి అద్దం ఒక్కదానికే పోదు, నేల దగ్గరున్న గొట్టాల్లోంచి వెనక్కి కూడా వస్తుంది. చలి అంటే ఎరగని మన దేశంలో ఆ గాలితో అవసరమేముంటుంది, ఆ సీజన్‌లో ఆ మీట వేయడం అదే మొదటిసారట. వేయగానే వెనక సీట్లో ఒకడు తుమ్మాడు. ఎవరో జలుబు చేసినవాడనుకున్నారు. తర్వాత అందరూ తుమ్మారు. తర్వాత తుమ్ములు ఆగి దగ్గులు పట్టుకున్నాయి. కళ్ళల్లో నిప్పులు పోసినట్టయింది. సీనియరు పెద్దమనిషి ఎంత గట్టిగా తుమ్మాడంటే, చెవులకు పెట్టుకున్న యంత్రం ఎగిరి ఆయన ఒళ్ళోనే పడిందట. దాన్ని వెతుక్కోవడానికి కళ్ళు తెరవలేకపోయాడు. ఫెబా వెంటనే మీట ఆపేసింది, పక్క కిటికీ తెరిచింది. కాని అప్పటికే లోపలంతా ఎర్రటి పొగలా ఆడుతోంది. వెనక్కి తిప్పి ఒడ్డుకు పోయేంత సేపు తన కళ్ళు ఆగవని ఆమెకు అర్థమైంది. అప్పటికే ఒక కన్ను మూతపడింది. రెండో కన్నుతో నీళ్ళను చూసుకుంటూ, కింద తేలే సంచులు విప్పి, బల్ల మీద పళ్ళెం పెట్టినట్టు దాన్ని సముద్రం మీద పెట్టింది. ఒక్క మనిషికి గోరు కూడా ఊడలేదు.

వాడరేవు పడవలవాళ్ళు వెళ్ళి అందర్నీ ఒడ్డుకు తెచ్చారు. ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి, మీ నివేదికకు పనికిరాకపోయినా సరే. ఒడ్డున చేపలు ఎండబెట్టుకుంటున్న ఆడవాళ్ళు చూసేసరికి, పడవలోంచి దిగే మగాళ్ళందరూ వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. పైలట్లు ఏడుస్తున్నారు, క్రేన్ డ్రైవరు ఏడుస్తున్నాడు. పాపం ఎవరో పోయారనుకుని ఆ ఆడవాళ్ళు కూడా చుట్టూ చేరి శోకాలు మొదలుపెట్టారట. ఎంత పెద్దాయనో, ఎంతమంది పిల్లలో అంటూ పేరు తెలియని మనిషి కోసం బాగా ఏడ్చారట. కాసేపటికి ఒకావిడ కళ్ళు తుడుచుకుని, ఇంతకూ పోయిందెవరయ్యా అని అడిగింది. ఎవరూ పోలేదని తెలిసి వాళ్ళకు కోపం వచ్చింది. చెప్పకపోతే ఎట్లాగయ్యా అని తిట్టి, మంచినీళ్ళిచ్చారు.

అంతా బాగానే ఉంది అనుకునేలోపే కంపెనీ రాత వచ్చింది. ఇంజన్లలో లోపం లేదు, పొగ రాలేదు, మంట లేదు, వెనక్కి తిరిగి ఒడ్డుకు వచ్చే వీలుండగా పైలట్ తొందరపడి కోట్ల ఖరీదైన యంత్రాన్ని ఉప్పునీళ్ళ పాలు చేసిందని. ఫెబాను ఎగరనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టారు. లైసెన్సు పోతే ఇంకే కంపెనీ కూడా పిలవదట. ఆ పిల్ల వచ్చి అమ్మ పక్కన కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటే, మా ఊరి ఆడవాళ్ళు చూడలేక చేతిలోంచి లాగేసుకునేవాళ్ళు. నేను ఒకసారి అడిగాను, నిజంగానే కాసేపు ఆగి ఒడ్డుకు రాలేకపోయావా అని. ఆమె చెప్పిన మాట మీరు రాసుకోవాలి.

"కళ్ళు కనపడుతుండగానే దించాను మామయ్యా. కనపడకుండా పోయాక దిగితే, దాన్ని దించడం అనరు."

ఆ తర్వాత మీరొచ్చారు. నీళ్ళలోంచి తీసిన హెలికాప్టర్‌లో గాలి గొట్టం మలుపు దగ్గర మీకు ఎర్రటి ముద్ద దొరికింది. దాన్ని హైదరాబాదులో పరీక్ష చేయిస్తే మిరపకారం అన్నారు. కంపెనీవారు ఆ ముక్క కూడా ఒప్పుకోలేదు. హెలికాప్టర్ వాడరేవు ఇసుకలో పడి ఉన్నన్ని రోజులు జనం అన్నం క్యారియర్లతో వచ్చి, దాని పక్కన కూర్చుని తిని, ఫొటోలు దిగి వెళ్ళారు, ఆ కారం అప్పుడు పడిందే అన్నారు. లేదంటే ఆ అమ్మాయి ఊరివాళ్ళు తెచ్చి చల్లారన్నారు. అందుకని మీరు ఆ కారం ఎక్కడిదో తేల్చుకోవడానికి ఆ రిగ్గు మనుషుల ఊళ్ళన్నీ తిరుగుతూ మా ఊరికి వచ్చారు.

మీ మొదటి రాక గురించి మేము సిగ్గుపడుతున్నాం. తెల్ల కారు ఊళ్ళోకి రాకముందే కబురొచ్చింది. కారం గురించి అడుగుతారట, ఎవరిదని తేలితే వాళ్ళను తీసుకుపోతారట అని. అంతే, ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది. మా ఊళ్ళో ఎవరూ ఇంట్లో కారం కొట్టరు. మీరు అప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నారో గుర్తుందా? మా కళ్ళాల మధ్య. ఎటు చూసినా కనుచూపుమేర ఎర్రగా ఎండబోసిన కాయలు. మీ రుమాలు మీ ముక్కు మీదే ఉంది. మరి ఇవన్నీ ఏం చేస్తారండీ అని మీరడిగితే, మా సర్పంచి, మిర్చి యార్డుకు వేసేస్తామండీ, మాకు పడదు అన్నాడు.

మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం చేశారు. మా ఆవిడ సుబ్బరావమ్మ మీకు చప్పిడి పెసరపప్పు, మిరియం గింజ కూడా తగలని సొరకాయ, మజ్జిగన్నం పెట్టింది. నేను కూడా మీ ఎదురుగా అదే తినాల్సి వచ్చింది. మీది గుంటూరే అని అప్పటికి మాకు తెలియదు. మీరు నెమ్మదిగా, కాస్త పచ్చడి ఉంటే వేస్తారా అమ్మా అన్నారు. మా ఇంట్లో అలవాటు లేదమ్మా అంది మా ఆవిడ. అంటున్నప్పుడు ఆమె వీపు వెనక తలుపు చాటున వరసగా జాడీలున్నాయి. మీరు వాటిని చూశారు. చూసి, చూడనట్టు మజ్జిగ పోసుకున్నారు. మీరు వెళ్ళాక సుబ్బరావమ్మ ఏడ్చినంత పనిచేసింది. ఇంటికి వచ్చిన ఆడపిల్లకు అంత అన్యాయమైన భోజనం తన జన్మలో పెట్టలేదట.

రెండోసారి మీరు వచ్చినప్పుడు తెలివిగా పరీక్ష కాగితం పంచాయతీ ఆఫీసులో పైకి చదివారు. మీరు దేనికి చదివారో నాకు తెలియదు గాని, దాని ఫలితం మాత్రం మీరు ఊహించి ఉండరు. ఆ కారంలో రంగు కలపలేదు అని చదివారు. నూనె కలపలేదు అన్నారు. ఇటుకపొడి లేదు, తాలుకాయ లేదు, తొడిమ కూడా లేదు, ఘాటు అయితే యంత్రం చూపించగలిగిన కొస దాకా పోయింది అన్నారు. బయట కిటికీ దగ్గర నిలబడ్డ అమీర్‌బీ ఒక్కసారి గొంతు సవరించుకుంది. అమీర్‌బీ మా ఊళ్ళో తొడిమలు తీసే ఆడవాళ్ళందరికీ పెద్ద. ఆ కారం మాదేనమ్మా అంది.

మీరు కలం తీశారు. మీ కలం కాగితానికి తగిలేలోపే మా వీధి చివరావిడ, నీ మొహం, నీ కారంలో గింజ ఎక్కువ, అది నాది అంది. ఇంకొకావిడ, తొడిమ లేకుండా కొట్టేది ఊరు మొత్తంలో ఎవరో నలుగుర్ని అడగండి అంది. సర్పంచి భార్య గడపలోంచే ఆయన మీద కేకలేసింది, మన కారం పక్క మండలం దాకా తీసుకెళ్తారు గదా, నోట్లో ఏం పెట్టుకుని కూర్చున్నావని. ఆయన లేచి, ఊరి పెద్దగా బాధ్యత వహిస్తూ ఆ నేరం తమ ఇంటిదేనని ప్రకటించాడు. ముందురోజు వరకు కారం అంటే ఏమిటో తెలియని ఊరు కాసేపట్లో మీ బల్ల మీద గిన్నెలు, డబ్బాలు, పొట్లాలు పేర్చింది. రుచి చూడమన్నారు. మీరు ఒక దాంట్లో వేలు ముంచితే రెండోవాళ్ళకు కోపం. మీతో వచ్చిన ఢిల్లీ ఆయన మర్యాదకు ఒక చిటికెడు నాలుక మీద వేసుకుని బావి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన్ను ఎవరి కారం పరిగెత్తించిందన్న దాని మీద ఇప్పటికీ రెండు కుటుంబాల మధ్య మాటల్లేవు.

అప్పుడు మీకు కోపం వచ్చింది. కోపంలో మీరు అచ్చం మా గుంటూరు మనిషిలా మాట్లాడారు. అప్పుడే తెలిసింది మీది ఎక్కడో.

"మీరంతా కలిసి ఆ పిల్లని ముంచుతున్నారు. ఇంతమంది నాది నాది అంటే, కంపెనీవాళ్ళు ఏమంటారు? ఊరు మొత్తం అబద్ధం అంటారు. నాకు ముప్ఫై కారాలు వద్దండీ. ఒక్క నిజం కావాలి. ఎవరు కట్టారు, ఎవరు తీసుకెళ్ళారు, ఎక్కడ పెట్టారు, ఆ అమ్మాయికి ముందు తెలుసా లేదా."

నెలాఖరుకు మీ నివేదిక వెళ్ళిపోతుందనీ, అప్పటికి ఆ ఒక్క నిజం చేతిలో లేకపోతే, కారణం దగ్గర పైలట్ తొందరపాటు అని రాయక తప్పదనీ అన్నారు. గిన్నెలు ఎత్తుకుని అందరూ తలలు వంచుకుని ఇళ్ళకు పోయారు. ఆ సాయంత్రం నాగేంద్రబాబు మా ఇంటికి వచ్చాడు. వాడు చెప్పింది విని, నేను ఈ కాగితాలు తీశాను.

నిజం ఇదీ. ఆ కారం మా ఇంటిది. కట్టింది నా భార్య సుబ్బరావమ్మ. జిల్లాలో ఇంత మంచి కారం లేదని నేను చెప్పడం బాగుండదు గాని, మీ కాగితమే చెప్పింది. తీసుకెళ్ళింది నాగేంద్రబాబు. ఎందుకు తీసుకెళ్ళాడో చెప్పాలంటే ఆ రిగ్గు మీద తిండి గురించి చెప్పాలి.

అక్కడ వంట ఎవరో కాంట్రాక్టరు మనుషులు చేస్తారు. పప్పులో పంచదార వేస్తారట. నేను నమ్మలేదు. వాడు ఒట్టు వేశాడు. వంకాయలో బంగాళాదుంప, బెండకాయలో బంగాళాదుంప, చేపలో కూడా బంగాళాదుంప. చుట్టూ ఉన్న సముద్రానికైనా ఉప్పుంది మామయ్యా, మా కూరకు అదీ లేదు అన్నాడు. మన పనివాళ్ళు మొదట్లో ఇళ్ళనుంచి పొడులు, పచ్చళ్ళు పట్టుకెళ్ళేవాళ్ళు. ఎవరిదో ఆవకాయ సంచిలో కారి, తనిఖీ యంత్రం బెల్టు పాడుచేసింది. దాంతో కంపెనీ వాటిని నిషేధించింది. ఎక్కేముందు సంచులు విప్పి, పొట్లాలు తీసి చెత్తబుట్టలో పారేస్తారు. చెత్తబుట్టలోంచి వచ్చే వాసనకు మనవాళ్ళు అక్కడే నిలబడి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళట.

అయితే తనిఖీవాళ్ళు సంచుల్ని వెతుకుతారు, మనుషుల్ని తడుముతారు, హెలికాప్టర్‌ని మాత్రం వెతకరు. చివరి సీటు పక్కన, కాళ్ళ దగ్గర, గాలి గొట్టం నోరు ఒకటుంది. దాని జల్లెడ మూత ఊడిపోయి ఎన్నాళ్ళయిందో కంపెనీవాళ్ళకే తెలియాలి. నాగేంద్రబాబు చొక్కాలోపల పల్చటి ప్లాస్టిక్ కవరులో కారం దాచుకుని ఎక్కుతాడు. తడిమే మనిషి కూడా మనవాడే, వాడి దగ్గర కాస్త చూసీచూడనట్టు పోతాడు. సీటు బెల్టు పెట్టుకునేటప్పుడు కింద తాడు వెతుకుతున్నట్టు వంగి, కవరును గొట్టంలోకి తోసేస్తాడు. రిగ్గు మీద దిగేటప్పుడు మళ్ళీ వంగి తీసుకుంటాడు. ఆ గొట్టంలోంచి గాలి రావడం వాడు ఒక్కసారీ చూడలేదు. అది పని చేయదనుకున్నాడు. పైలట్లకు ఆ సంగతి తెలిసే దారి లేదు, వాళ్ళు ముందు కూర్చుంటారు. ఆ రోజు మంచు పట్టడం, ఫెబా మీట వేయడం, వేడిగాలికి కవరు చిట్లిపోవడం అంతా ఒక్క ఊపులో జరిగిపోయింది.

ఇది బయటపెడితే వాడి ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. పెళ్ళి కుదిరిన కుర్రాడు. నేనే కాస్త ఆలోచించుకోరా అన్నాను. వాడు అన్నాడు గదా, "అందరం కళ్ళు మూసుకుని దేవుళ్ళని పిలుస్తున్నాం మామయ్యా. నేనొకసారి కళ్ళు తెరిచి చూస్తే ఆ పిల్ల భుజాలు కనపడ్డాయి. కదలకుండా ఉన్నాయి. నా పేరు రాయి."

రాశాను. కింద వాడూ సంతకం చేశాడు.

మీరు అడగకపోయినా, మళ్ళీ ఇలాంటిది జరగకుండా ఏం చేయాలో నాకు తోచింది కూడా చెబుతాను. మీ నివేదిక చివర సలహాలుంటాయట గదా. గొట్టాలకు మూతలు బిగించమనండి, అది మీరు ఎటూ రాస్తారు. ఎక్కేముందు టీవీలో ఏదో జాగ్రత్తల బొమ్మ వేస్తారట, ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి. నాగేంద్రబాబు అది చూసి చూసి, అందులో చెప్పే అమ్మాయి చెవిపోగులు ఏ ఆకారంలో ఉంటాయో చెప్పగలడు గాని, ఆమె ఏం చెప్పిందో చెప్పలేడు. హెలికాప్టర్ నీళ్ళ మీద ఊగుతుంటే, లైఫ్‌జాకెట్ లోపల ఊదాలో బయట ఊదాలో తెలియక పక్కవాణ్ణి అడిగాడట. ఆ పక్కవాడు వీణ్ణి అడిగాడట. ఒక మనిషిని నిలబెట్టి తెలుగులో చెప్పించండి. చెప్పాక, ఏరా, ఏం చెప్పానో చెప్పు అని ఎవరో ఒకణ్ణి లేపి అడిగించండి. మాస్టారు బడిలో అలాగే అడిగేవాడు, అందుకే మా ఊరి పిల్లలకు లెక్కలొచ్చాయి. పైలట్ల చేతికి అందేచోట కళ్ళకు పెట్టుకునే అద్దాలు ఉంచమనండి, కారం మిల్లులో పనిచేసేవాళ్ళ దగ్గర ఉంటాయి, అంత పెద్ద కంపెనీకి దొరకవా.

అన్నిటికన్నా ముఖ్యమైన సలహా ఇంకొకటి. రిగ్గు వంటింట్లో ఒక కారం డబ్బా పెట్టించండి. నా మాట నవ్వులాటకు తీసుకోకండి. నిషేధం రాసినవాళ్ళు మనిషిని తూచారు, సంచిని తూచారు, నాలుకను మరిచిపోయారు. మన ప్రాంతం మనిషిని నెలకు రెండు వారాలు నాలుకను ఒడ్డు మీద వదిలేసి రమ్మంటే రాడు. దాన్ని ఏదో ఒక గొట్టంలో దాచుకునైనా తెచ్చుకుంటాడు. దర్జాగా బల్ల మీద డబ్బా ఉంటే దాచాల్సిన పని ఎవరికీ ఉండదు. ఆ కారం ఎవరింటిది తెప్పించాలన్న ప్రశ్న వస్తే మాత్రం దయచేసి మా ఊళ్ళో పైకి అడగవద్దు.

ఫెబా విషయంలో మీరు న్యాయం చేస్తారని నమ్ముతూ, ఈసారి వచ్చినప్పుడు సుబ్బరావమ్మ చేతి అసలు భోజనం చేసి వెళ్ళాలని కోరుతూ,

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
యలమందయ్య.
పైదంతా నిజమని ఒప్పుకుంటూ: నాగేంద్రబాబు.

తా.క. కవరు అంటించే ముందు ఈ ఉత్తరం మా పంచలో కూర్చుని పైకి చదివాను. పైకి చదవకపోతే నాకు రాసినట్టు ఉండదు. మా ఆవిడ, నాగేంద్రబాబు, మాస్టారు, పున్నమ్మ, ఫెబా ఉన్నారు. వాడరేవు శోకాల దగ్గర ఫెబా కూడా నవ్వింది. ఆ కారం మా ఇంటిది, కట్టింది సుబ్బరావమ్మ అన్న చోటికి వచ్చేసరికి పున్నమ్మ లేచి నిలబడింది.

"ఆపండి అన్నయ్యగారూ. అది నా కారం."

కూర్చో వదినా, అంతా కుదిరాక ఇదేంటి అని మా ఆవిడ ఆమె చెయ్యి లాగింది. పున్నమ్మ కూర్చోలేదు.

సాజిదా గారూ, పైన నేను రాసిన దాంట్లో ఈ ఒక్క ముక్క అబద్ధం. తెలిసే రాశాను. ఊళ్ళో అందరికీ తెలుసు. నాగేంద్రబాబు బస్సెక్కుతుంటే పున్నమ్మ వచ్చి, వాడి చప్పిడి తిండి మీద జాలితో కవరు చేతిలో పెట్టి, మా అమ్మాయికి తెలియనివ్వకు నాయనా, చూస్తే తీసి పారేస్తుంది అని చెప్పడం బస్టాండులో చూడనివాళ్ళు లేరు. ఒకసారి అమ్మ ఇచ్చిన పచ్చడి సీసానే ఫెబా తనిఖీ దగ్గర తన చేత్తో తీసి పక్కన పెట్టేసిందట, అంత నియమం మనిషి. పైలట్ తల్లి కట్టిన పొట్లం అని తేలితే, పైలటే తెచ్చుకుందని కంపెనీవారు అంటారని మాకు భయం. అందుకే ఆ రోజు మా ఆడవాళ్ళు నాది నాది అని మీద పడ్డారు. అందులో ఆ పిల్ల మీద ప్రేమ ఎంతో, సొంత కారం మీద పంతం ఎంతో విడదీసి చెప్పమంటే నా వల్ల కాదు. నాగేంద్రబాబు కూడా ఆ ఒక్క పేరు దగ్గర కళ్ళు మూసుకునే సంతకం పెట్టాడు.

పున్నమ్మ కూతురి వైపు చూడలేక నేల చూస్తూ నిలబడింది. ఫెబా అంది:

"నాకు తెలుసమ్మా. పైన ఉండగానే తెలుసు. కళ్ళు మూతలు పడుతుంటే సముద్రం మీద మన వంటిల్లు వాసనేసింది. నువ్వు తట్టుకోలేవని ఎవరికీ చెప్పలేదు."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తల్లి కూతురి కోసం, కూతురు తల్లి కోసం ఇన్నాళ్ళు నోరు మూసుకుని, ఒకే చాప మీద కూర్చుని తొడిమలు తీసుకున్నారన్నమాట.

ఇదంతా మళ్ళీ మొదటినుంచి రాసే ఓపిక నాకు లేదు. పైన కారం విషయంలో సుబ్బరావమ్మ అని ఉన్నచోట పున్నమ్మ అని చదువుకోండి. జిల్లాలో ఇంత మంచి కారం లేదన్న వాక్యం మాత్రం ఎవరి పేరు మీద చదువుకుంటారో మీ ఇష్టం. నేను ఈ ఇంట్లోనే అన్నం తినాలి.

ఇక పున్నమ్మ తన మాటగా రాయమన్నది ఆమె చెప్పినట్టే రాస్తున్నాను. కింద ఆమె సంతకం ఉంది.

"అమ్మా సాజిదా, నేను కారం కొట్టేరోజు మా ఇంటాయన చర్చి అవతలకి పోయి కూర్చుంటాడు. వీధిలో కుక్కలు పొలాల్లోకి పోతాయి. ఆ కారం మొహాన కొడితే ఆ హెలికాప్టర్‌లో మగాళ్ళందరూ కళ్ళు మూసుకున్నారు. నా బిడ్డ ఒక్కతే తెరిచి ఉంచింది. అందర్నీ దించిందాకా మూయలేదు. దాన్ని తొందరపాటు అని రాసినవాళ్ళని ఒక్కసారి మా ఇంటికి తీసుకురా. చెంచాడు కారం నేను ఎగరేస్తాను. వాళ్ళు కళ్ళు తెరిచి ఉంచి ఆ మాటే మళ్ళీ రాయమను."

— పున్నమ్మ